పై అరలో కొవ్వొత్తి

మా పిన్ని వద్దనకపోయి ఉంటే నేను సెర్బియా వెళ్లేవాణ్ణి కాను.

నా భార్య రాజ్యలక్ష్మి ఆ ఏడాది ఏప్రిల్లో పోయింది. కల్లాల్లో మిర్చి ఎత్తేసి, చేలల్లో పత్తికట్టె పీకుతున్న రోజులు. ఆగస్టులో మా చెల్లెలు సుభద్ర ఇంటికొచ్చింది. గుంటూరులోనే ఒక విత్తనాల కంపెనీలో మిరప వంగడాల పని చూస్తుంది తను. సెర్బియాలో నోవీసాద్ అనే ఊళ్లో మిరప పంట మీద సమావేశం ఉందని, తనతో ఒకరిని తీసుకుపోవచ్చని, నన్ను రమ్మని అడిగింది. నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ దేశం గురించి చదివాను, పాఠం చెప్పాను. చూడాలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. రానన్నాను.

పర్చూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటున్న పిన్ని వంటింట్లోంచి కలగజేసుకుంది.

"ఏడు తిరక్కుండా వాడు గుడి గడప తొక్కకూడదే! ఇప్పుడు యాత్రలేంటి?"

"అక్కడ గుళ్లుండవు పిన్నీ. చర్చిలూ, మఠాలూ. వాటికి మన సూతకం తెలీదు," అంది సుభద్ర.

"వాటిల్లో దేవుడున్నాడా లేదా?"

"ఉన్నాడు."

"మరి?"

గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిన్నిని, నోరు తెరిచి ఉండిపోయిన సుభద్రను చూస్తే నాకు నవ్వొచ్చింది. ఏప్రిల్ తర్వాత నవ్వడం అదే మొదలు. సరే, వస్తానన్నాను.

ఒక్క షరతు పెట్టాను. అక్కడ ఎవరికీ రాజ్యం సంగతి చెప్పకూడదు. చెబితే అవతలివాళ్ల ముఖం ఎలా మారిపోతుందో నెలల తరబడి చూస్తున్నాను. కూరగాయల వాడి దగ్గర నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరిదీ ఒకే ముఖం. ఆ ముఖం లేని నాలుగు రోజులు కావాలనిపించింది.

"ఎవరైనా అడిగితే?" అంది సుభద్ర.

"ఇంటి దగ్గర ఉందని చెబుతాను."

"నీ ఇష్టం అన్నయ్యా," అని ఊరుకుంది. ఇష్టం లేనప్పుడే తను ఆ మాట అంటుంది.

సమావేశం జరిగిన రోజుల గురించి నాకు చెప్పడానికేమీ లేదు. చివరిరోజు, శనివారం, బయటి దేశాల వాళ్లను ఒక చిన్న బస్సులో చుట్టుపక్కల తిప్పారు. ఆ ఒక్క రోజు గురించే ఇది.

తిరగబడ్డ గడియారం

మాకు ఊళ్లు చూపించే అమ్మాయి పేరు మిలిత్సా. ముప్పై ఏళ్లుంటాయి. ఇంగ్లీషు గబగబా మాట్లాడుతుంది, మధ్యలో తన జోకులకు తనే ముందు నవ్వుతుంది. బస్సు కదలగానే సీటు సీటు దగ్గరికీ వచ్చి ఎవరెవరో, ఏ ఊరో, ఇంట్లో ఎవరున్నారో అడిగింది. మన రైళ్లలో ఎదురు సీటు వాళ్లు అడిగే ప్రశ్నలే. మా వెనక ఒక జర్మన్ వృద్ధ దంపతులు, వాళ్ల వెనక టర్కీ నుంచి వచ్చిన ఇద్దరు వ్యవసాయ శాస్త్రజ్ఞులు. నా వంతు వచ్చింది.

"మీ ఆవిడ రాలేదా?"

"లేదు. ఇంటి దగ్గర ఉంది."

"అయ్యో, ఈసారి తప్పకుండా తీసుకురండి," అని మిలిత్సా ముందుకు వెళ్లిపోయింది. ఆమె ముఖం మారలేదు. నాకు కావలసింది అదే. సుభద్ర కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

డాన్యూబ్ నది మా కృష్ణ కంటే నిండుగా ఉంది. కొన్నేళ్ల కిందటి యుద్ధంలో ఈ ఊరి వంతెనలన్నీ కూలిపోయాయట. మేం దాటింది తర్వాత కట్టిన వంతెన. దాని గురించి మిలిత్సా రెండు ముక్కలే చెప్పింది. వంతెన దాటుతున్నప్పుడు డ్రైవరు రేడియో తగ్గించి, దాటాక మళ్లీ పెంచాడు.

అవతలి ఒడ్డున కొండ మీద కోట. కోట మీద గడియారపు గోపురం. నేను నా చేతి గడియారం చూసుకుని, అది చూసి, మళ్లీ నాదే చూసుకున్నాను. రెంటికీ ఎక్కడా పొంతన లేదు.

"ఆగిపోయిందా?" అని అడిగాను.

మిలిత్సా ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టుంది. ఆ గడియారంలో పెద్ద ముల్లు గంటలది, చిన్న ముల్లు నిమిషాలది. నది మీద పడవల వాళ్లకు దూరం నుంచి గంట తెలిస్తే చాలని అలా పెట్టారట.

"మంచి పని చేశారు. మన బస్టాండులో పెట్టాల్సింది అన్నయ్యా. అక్కడ నిమిషాలెవడిక్కావాలి?" అంది సుభద్ర. నేను దాన్ని ఇంగ్లీషులో చెబితే మిలిత్సా నవ్వి, వాళ్ల బస్టాండూ అంతేనంది.

కోట దాటాక పొలాలు. మొక్కజొన్న కోతకొచ్చి ఉంది, పొద్దుతిరుగుడు కోసేశారు. నేల నల్లగా ఉంది. సుభద్ర బస్సు ఆపించి దిగి, గుప్పెడు మట్టి తీసి నలిపి చూసింది. "మన రేగడే," అంది, దూరపు చుట్టాన్ని గుర్తుపట్టినట్టు. డ్రైవరు కూడా దిగి, తనూ ఒక గుప్పెడు తీసి, అందులో ఏముందా అని చాలాసేపు చూశాడు.

ఊళ్లలోకి వచ్చేసరికి ప్రతి ఇంటి ముందూ ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నారు. ఇనప పొయ్యి మీద రేకు పరిచి, జానెడు కాయలు నల్లగా కాల్చి, తోలు వలిచి, నూనెలో ఉడికించి చలికాలానికి సీసాల్లో పెట్టుకుంటారు. అయ్‌వార్ అంటారు దాన్ని. మన మాగాయి, ఆవకాయ లాగా ఇంటింటికీ ఒక రుచి, ఎవరిది వాళ్లకు గొప్ప. గోడలకు మిరపకాయల దండలు వేలాడుతున్నాయి. ఎండాకాలం గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి వెళ్లిన వాళ్లెవరైనా ఆ పొగ చూడగానే జేబురుమాలు తీస్తారు. నేనూ తీశాను. తుమ్ము రాలేదు. ఊరంతా మిరపకాయలు కాలుతుంటే ఒక్కరూ దగ్గడం లేదు. పొగ తియ్యగా ఉంది.

సుభద్ర ఒక ఇంటావిడ దగ్గర కాయ తీసుకుని పచ్చిదే కొరికింది. వాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"ఇవి మిరపకాయలేంటన్నయ్యా? దోసకాయకి ఎర్రరంగేసినట్టుంది," అని తెలుగులో అని, పైకి "వెరీ నైస్" అంది. కిలో ఎంతని అడిగింది. మన లెక్కలో పాతిక రూపాయల లోపే. "మరి ఘాటు లేదుగా," అని తేల్చేసింది.

చెప్పుల్లేని వాళ్లు

కొండ వాలులో ఓక్ చెట్ల మధ్య ఆ మఠం. సన్యాసినులు ఉండే చోటు. ఆ కొండల్లో ఇలాంటి మఠాలు చాలా ఉన్నాయి. ఇది చిన్నది, దీని పేరు నేను ఎన్నిసార్లు పలికినా మిలిత్సా నవ్వుతూనే ఉంది కాబట్టి రాయడం లేదు. తెల్ల సున్నం గోడలు, మధ్యలో చర్చి, ఒక పక్క ప్లం చెట్లు, తేనెపెట్టెలు.

చర్చికి ఎత్తైన రాతి గడప ఉంది. మిలిత్సా ముందుగా లోపలికి వెళ్లింది. నేను ఆగాను. పిన్ని గరిటె గుర్తొచ్చింది.

"పిన్నికి ఇక్కడిదాకా కనపడదులే," అంది సుభద్ర.

ఇద్దరం చెప్పులు విప్పి గోడవారగా పెట్టి లోపలికి వెళ్లాం. చెప్పులు విప్పడం ఆలోచించి చేసిన పని కాదు. మా వెనక వచ్చిన జర్మన్ దంపతులు అది చూసి ఇక్కడి నియమం అదేననుకుని తమ బూట్లూ విప్పారు. టర్కీ వాళ్లకు ఎలాగూ అలవాటే. చల్లటి రాతి నేల మీద అందరం వట్టికాళ్లతో, మేజోళ్లతో నిలబడి ఉండగా పెద్ద వయసు సన్యాసిని ఒకామె పక్క గుమ్మంలోంచి వచ్చింది. మా ముఖాలు చూసింది, పాదాలు చూసింది. మళ్లీ ముఖాలు చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. నవ్వడానికే వెళ్లిందని మిలిత్సా చెప్పింది.

గోడల నిండా బొమ్మలు. పొగకు నల్లబడిపోయినా కళ్లు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి. నాకు నచ్చింది గుమ్మం పక్కన ఉన్న ఇనప పెట్టె. దానికి రెండు అరలు, రెంటిలోనూ ఇసుక. ఇసుకలో సన్నటి పచ్చని కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. మిలిత్సా తలా ఒకటి ఇచ్చింది. తేనెమైనం కొవ్వొత్తులు, వాసనకే తెలుస్తోంది.

"పై అర బతికున్న వాళ్ల కోసం. కింది అర పోయిన వాళ్ల కోసం," అంది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని, స్నేహంగా, "రండి, మీ ఆవిడ కోసం పైన పెట్టండి," అంది.

నేను ఏమనాలి? ఆ నిశ్శబ్దంలో, వెనక నలుగురు వేచి ఉండగా, పొద్దున ఆడిన మాట వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు. పై అరలో, ఎవరెవరివో బతికున్న వాళ్ల మధ్య, రాజ్యం కోసం కొవ్వొత్తి గుచ్చాను. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

నా తర్వాత సుభద్ర. తను వంగి, కింది అరలో పెట్టింది.

"ఎవరి కోసం?" అని మిలిత్సా మెల్లగా అడిగింది.

"వదిన కోసం. సిస్టరిన్‌లా."

"అయ్యో. చిన్న వయసా?"

"పోవాల్సిన వయసు కాదు," అంది సుభద్ర, నన్ను చూడకుండా. మిలిత్సా తన భుజం నిమిరింది. ఒకే మనిషికి పైన ఒకటి, కింద ఒకటి వెలుగుతున్నాయి. అది మా ఇద్దరికే తెలుసు.

తర్వాత మమ్మల్ని అతిథుల గదిలో కూర్చోబెట్టారు. ఇందాకటి సన్యాసిని ఒక పళ్లెం తెచ్చి, గుమ్మానికి దగ్గరగా కూర్చున్నానని కాబోలు, ముందు నా ముందు పెట్టింది. గాజు గిన్నె నిండా చెర్రీపళ్ల పాకం, ఒక గ్లాసులో చెంచాలు, నీళ్ల గ్లాసులు. మన ఇళ్లలో విస్తట్లో వడ్డించింది వదిలేసి లేస్తే పెట్టినవాళ్లు నొచ్చుకుంటారు. నేను చెంచా తీసుకుని తినడం మొదలుపెట్టాను. చాలా తీపి. మూడో చెంచాకే చాలనిపించింది, అయినా వదల్లేదు. గదిలో ఎవరూ మాట్లాడటం లేదని గమనించాను గానీ, మఠం కదా, మౌనం పాటిస్తున్నారనుకున్నాను. గిన్నె ఖాళీ చేసి, నీళ్లు తాగి, ఆమెకు నమస్కారం పెట్టాను.

"అన్నయ్యా, అది అందరికీనట. తలా ఒక చెంచా," అంది సుభద్ర.

సన్యాసిని ఈసారి బయటికి వెళ్లలేదు. గోడకు ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ అక్కడే నవ్వింది. ఇంకో గిన్నె తెచ్చి నాకు అందనంత దూరంలో పెట్టింది.

నాలుగు గుమ్మాలు, నాలుగు సింహాలు

స్రెంస్కీ కార్లోవ్‌సీ అనే ఊరి పేరు నాకు కొత్త కాదు. ఇక్కడ టర్కీ సుల్తానుకూ, ఐరోపా రాజులకూ జరిగిన సంధిని ఏటా రెండో సంవత్సరం పిల్లలకు ఒక పేరాలో చెప్పేవాణ్ణి. పరీక్షలో రెండు మార్కులు. సంధి జరిగిన చోట ఇప్పుడొక చిన్న చర్చి ఉంది. దానికి నాలుగు గుమ్మాలు. ఏ పక్షం వాళ్లూ ముందు, ఏ పక్షం వాళ్లూ వెనక కాకుండా, అందరూ ఒకేసారి లోపలికి రావడానికి అప్పట్లో అలా ఏర్పాటు చేశారని చెబుతారు. ఈ సంగతి మా పాఠంలో లేదు. ఉంటే ఒక్కరూ మర్చిపోయేవారు కాదు.

"మన కల్యాణమండపాలకి పెట్టించాలివి. మగపెళ్లివారు అలిగేపనుండదు," అంది సుభద్ర.

టర్కీ వాళ్లిద్దరూ ఒక గుమ్మం ముందు, జర్మన్లు ఇంకో గుమ్మం ముందు నిలబడి, మిలిత్సా "ఒకటి, రెండు, మూడు" అనగానే లోపలికి అడుగుపెట్టి కరచాలనం చేసుకున్నారు. మేం ఎవరి పక్షమో తేలక మూడో గుమ్మం తీసుకున్నాం.

ఊరి మధ్యలో నాలుగు రాతి సింహాల నోళ్లలోంచి నీళ్లు పడే కొలను ఉంది. ఆ నీళ్లు తాగినవాళ్లు మళ్లీ ఈ ఊరొచ్చి ఇక్కడే పెళ్లి చేసుకుంటారని నమ్మకం. జర్మన్ ముసలావిడ భర్త వంక ఒకసారి చూసి, దోసిలి పట్టి గడగడా తాగింది. ఆయన "నాకు స్వేచ్ఛ వచ్చేసింది!" అని అరిచాడు. నేనూ వంగబోయాను.

"మీరొద్దు! గుంటూరులో మీ ఆవిడ నన్ను క్షమించదు," అని మిలిత్సా చెయ్యి అడ్డం పెట్టింది.

అందరూ నవ్వారు. "నాకు దాహంగా లేదు," అని వెనక్కి వచ్చేశాను. ఎండలో తిరిగి నోరెండిపోయింది. పొద్దున సులువుగా అన్న మాట, గంట గంటకూ బరువెక్కుతోంది. అది అన్నప్పుడు రాజ్యాన్ని దాచుకున్నాననుకున్నాను. ఇప్పుడు అందరూ ఆమె గురించే మాట్లాడుతున్నారు, నేను తప్ప.

జోరాన్ నేలమాళిగ

చివరి మజిలీ ద్రాక్షసారాయి చేసే ఒక ఇల్లు. యజమాని జోరాన్, భారీ మనిషి, మన పల్నాటి రైతులాగా పక్కనున్నవాడితో కూడా అవతలి గట్టు మీద ఉన్నట్టు మాట్లాడతాడు. వాళ్లమ్మ రూజా, ఎనభై దాటినావిడ, నల్ల గౌను, నల్ల తలగుడ్డ. భర్త పోయినప్పటి నుంచి నలుపేనట. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. మిలిత్సా చెప్పినదాన్నే నేను మన మాటల్లో రాస్తున్నాను.

పెరట్లో అప్పుడే కోసిన ద్రాక్ష గంపల్లో ఉంది, చుట్టూ కందిరీగలు. మెట్లు దిగితే నేలమాళిగ. కింద మట్టినేల, వరసగా ఓక్ పీపాలు. పొడుగాటి బల్ల మీద రొట్టె, జున్ను, సాసేజీ, అయ్‌వార్. జోరాన్ చిన్న గ్లాసుల్లో నల్లటి తియ్యటి ద్రవం పోశాడు. బెర్మెత్ అంటారు. మూలికలు వేసి నానబెట్టిన ద్రాక్షసారాయి, ఈ ఊరి ప్రత్యేకత. నాకు తాగుడు అలవాటు లేదు. ఒక గుక్క తాగి చూశాను.

"ద్రాక్షాసవం," అన్నాను సుభద్రతో. చిన్నప్పుడు అరగడం లేదంటే అమ్మ ఆయుర్వేదం కొట్టు నుంచి తెప్పించి మూతతో పోసేది. అదే రుచి. ఔషధమని తేలాక మొహమాటం పోయింది.

అయ్‌వార్ రొట్టెకు రాసుకుని తిని బాగుందన్నాం. జోరాన్ ఛాతీ విరిచాడు.

"మా అమ్మ చేసింది. ఈ ఊళ్లో ఇంత కారం ఎవరూ తినలేరు. నేను తింటాను."

సుభద్ర చెంచా కింద పెట్టింది. గుంటూరు మనిషి ముందు అనకూడని మాట అనేశాడు. తను సంచీ తెరిచి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. పండుమిర్చి పచ్చడి. తర్వాత నావైపు తిరిగి, గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది.

"వదిన పెట్టిందే అన్నయ్యా. ఫిబ్రవరిలో నాకిచ్చింది. అడుగున మిగిలితే తెచ్చాను. నీకు చెబితే తేనివ్వవని చెప్పలేదు."

మా ఇంటి జాడీ వేసవిలోనే ఖాళీ అయింది. ఆ చేతి పచ్చడి ఇంకెక్కడా లేదనుకున్నాను. సీసాలో ఎర్రగా, పైన నూనె తేలి, ఉంది.

"కొంచెమే తీసుకో అని చెప్పమ్మా," అని మిలిత్సాను హెచ్చరించాను. ఆమె చెప్పింది. జోరాన్ చెవిన పెట్టలేదు. పెద్ద చెంచాడు తీసి, అయ్‌వార్ రాసినట్టే రొట్టె అంతా పూసి, సగం ఒక్కసారే నోట్లో పెట్టుకున్నాడు.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఆయన ముఖం పచ్చడి రంగుకు వచ్చింది. లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. బెర్మెత్ తాగాడు, నీళ్లు తాగాడు, పక్కనున్న టర్కీ ఆయన గ్లాసు కూడా లాక్కుని తాగాడు.

"ఏమైందిరా? ఈ ఊళ్లో నీ అంత కారం తినేవాడు లేడన్నావుగా?" అంది తల్లి.

జోరాన్ మాట్లాడే స్థితిలో లేడు. చేత్తో ఇంకో రొట్టెముక్క అందుకుని మళ్లీ పచ్చడి వైపే వెళ్లాడు. అది చూసి సుభద్ర "శభాష్!" అని బల్ల చరిచింది.

రూజమ్మ మాత్రం రొట్టె కొసతో సూదిమొన అంత తీసుకుని, నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. ఎలా చేస్తారని అడిగింది. సుభద్ర చెబుతోంది: కాయల్ని తొడిమలతోనే కడగాలి, లేకపోతే లోపలికి నీళ్లు పోతాయి. తడి ఆరాక తొడిమ తీసి, ఉప్పూ చింతపండూ వేసి రోట్లో దంచాలి. మెంతిపిండి తర్వాత. ముసలావిడ తల ఊపుతూ విని, "ఎవరు చేశారు?" అంది.

సుభద్ర నన్ను చూసింది. నేను చెప్పకముందే మిలిత్సా అందుకుంది. "ఈయన భార్య అయ్యుంటుంది! ఇంటి దగ్గర ఉన్నారట."

రూజమ్మ లేచి గ్లాసెత్తింది. "బంగారు చేతులు. ఆ చేతులు చల్లగా ఉండాలి. జీవెలీ!"

జీవెలీ అంటే బతుకుదాం అని. ఈ నాలుగు రోజులూ విందుల్లో విన్న మాటే. అందరూ లేచి గ్లాసులు తగిలించుకున్నారు. జోరాన్ కళ్లనీళ్లతోనే తన గ్లాసు నా వైపు చాచాడు. నా చెయ్యి కదల్లేదు. మొండితనం కాదు, ఆలోచన కాదు. కదల్లేదు. ఆయన గ్లాసు గాల్లోనే ఉండిపోయింది.

ముసలావిడ చూసింది. తన గ్లాసు కిందికి దించి, కొడుకును కూడా దించమని సైగ చేసి, మిలిత్సాతో ఏదో అంది. మిలిత్సా నావైపు తిరిగింది.

"మా దగ్గర పోయినవాళ్ల కోసం తాగేటప్పుడే గ్లాసులు తగిలించం. మీరు ఎవరి కోసం తాగుతున్నారని అడుగుతోంది."

"ఆమె కోసమే," అన్నాను. "పచ్చడి చేసినావిడ కోసం. నా భార్య ఇంటి దగ్గర లేదు. ఏప్రిల్లో పోయింది."

మిలిత్సా దాన్ని వాళ్ల భాషలో చెప్పింది. సుభద్ర వైపు చూసింది. "సిస్టరిన్‌లా," అంది మెల్లగా. సుభద్ర తలూపింది.

నేను భయపడిన ముఖాలు వస్తాయని ఎదురుచూశాను. రూజమ్మ ముఖంలో అలాంటిదేమీ రాలేదు. ఆమె గ్లాసు వంచి, మట్టినేల మీద కొన్ని చుక్కలు పోసింది. జోరాన్ పోశాడు. తర్వాత మిలిత్సా, జర్మన్ దంపతులు, టర్కీ వాళ్లు, ఒక్కొక్కరే. "దేవుడు మన్నించాలి," అంటారట అప్పుడు. మనం నువ్వులూ నీళ్లూ వదులుతాం. పదో రోజున సాగర్ కాలువ గట్టు మీద నేను వదిలాను, పురోహితుడు చెప్పినట్టల్లా, ఏమీ తెలియకుండా. ఇక్కడ నాకెవరూ ఏమీ చెప్పలేదు. నా గ్లాసూ వంచాను.

"పేరు?" అంది రూజమ్మ.

"రాజ్యలక్ష్మి."

వాళ్ల నోళ్లకు అది లొంగలేదు. "రాజ్యం," అని సుభద్ర సాయం చేసింది. బల్ల చుట్టూ అందరూ తలా ఒక రకంగా ఆ పేరు పలికారు. ఇంట్లో ఆ పేరు పైకి అనడం నేనెప్పుడో మానేశాను.

తర్వాత ముసలావిడ రొట్టె కోసి నా ముందుకు తోసింది. "తిను. ఆవిడ చేసిందేగా, నువ్వు తినకుండా మావాడికి పెడతావేంటి?"

తిన్నాను. నెలల తర్వాత ఆ కారం.

"ఒకమాట చెప్పనా?" అన్నాడు జోరాన్, గొంతు తిరిగొచ్చాక. "మీ ఆవిడ పోయి కూడా నన్ను చంపబోయింది. బతికుండగా మీరెలా తట్టుకున్నారు?"

మిలిత్సా దాన్ని భయపడుతూ భయపడుతూ ఇంగ్లీషులో చెప్పింది. నేను నవ్వేసరికి ముందు ఎవరూ నమ్మలేదు. ఆ తర్వాత అందరూ ఒక్కసారే నవ్వారు. రాజ్యం ఆ మాట విని ఉంటే జోరాన్‌కి ఇంకో చెంచా వడ్డించేది. ఆ సంగతీ చెప్పాను. అడిగారు కాబట్టి ఇంకా చాలా చెప్పాను: వేటపాలెం వాళ్ల పుట్టింటి నుంచి జీడిపప్పు వస్తే నాకు కనపడకుండా బియ్యం డబ్బాలో దాచేదని, నేను రాసిన వ్యాసాలు చదివి "ఇందులో సగం అక్కర్లేదు" అనేదని. రూజమ్మ తన భర్త సంగతులు చెప్పింది. ఏటా మొదటి గ్లాసు ఆయన పేరిట నేలమీద పోస్తుందట. "సగమే పోస్తా. ఉన్నప్పుడు తాగింది చాలు," అంది.

బయల్దేరేటప్పుడు సీసా అడుగు జోరాన్ రొట్టెతో శుభ్రంగా తుడిచేశాడు. ఖాళీ సీసాలో రూజమ్మ అయ్‌వార్ నింపి ఇచ్చింది.

మళ్లీ మఠం

బస్సెక్కాక మిలిత్సా చప్పున తల పట్టుకుంది.

"కొవ్వొత్తి! నేనే మీ చేత పైన పెట్టించాను!"

పర్వాలేదన్నాను. ఆమె వినలేదు. డ్రైవరుతో ఏదో చెప్పింది. ఆయన బస్సంతా ఒకసారి చూశాడు. జర్మన్ ముసలాయన "వెనక్కే పోదాం," అన్నాడు. దారి కాకపోయినా బస్సు మళ్లీ కొండెక్కింది.

పొద్దు వాలుతోంది. సన్యాసిని గేటు దగ్గర తాళం పట్టుకుని ఉంది. నన్ను చూడగానే, రెండు చేతులతో గిన్నె దాచిపెడుతున్నట్టు అభినయించింది. మిలిత్సా సంగతి చెప్పాక నవ్వు ఆపి, మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది. ఈసారి ఆమె ఏమీ అనకముందే అందరూ బూట్లు విప్పారు.

రెండు అరలూ ఖాళీగా ఉన్నాయి. ఇసుక చదును చేసి ఉంది. మధ్యాహ్నం కొవ్వొత్తులు కాలిపోగానే పీకేస్తారట. ఆమె మూలనున్న రేకుడబ్బా తెరిచి చూపించింది. నిండా కొసలు, వంకరలు పోయి, ఒకదానికొకటి అతుక్కుపోయి.

"పై అరవీ కింది అరవీ ఇందులోనేనా?" అని అడిగాను.

మిలిత్సా అడిగింది. సన్యాసిని, గిన్నెడు పాకం తినేసిన మనిషి ఇంతకన్నా ఏం అడుగుతాడులే అన్నట్టు నన్ను చూసింది.

"ఇంకెక్కడ వేస్తాం? అన్నీ కలిపే కరిగిస్తాం. కొత్తవి పోస్తాం."

డబ్బా పక్కన కొత్త కొవ్వొత్తుల కట్ట ఉంది. ఒకటి తీసి నాకిచ్చింది. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇప్పుడే వెలిగిస్తారా, ఏ అరలోనైనా సరేనంది. ఇంటికి తీసుకెళతానన్నాను. మా బస్సు మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే ఉంది.

గుంటూరు

పిన్ని అడిగిన మొదటి ప్రశ్న: "గడప తొక్కావా?"

"తొక్కాను పిన్నీ. చెప్పులు విప్పే తొక్కాను."

ఆమె ఏదో అనబోయి, సుభద్ర పెట్టిన అయ్‌వార్ ఒక ముద్దలో కలుపుకుని తిని, ఆ సంగతే మర్చిపోయింది. "ఇదేం పచ్చడే? మిరపకాయల్ని ఇంత పాడుచేయడం ఎలా వచ్చింది వాళ్లకి?" అంది. రెండోసారి కూడా వేసుకుంది.

మరుసటి ఫిబ్రవరిలో పర్చూరు నుంచి పిన్నే పండుమిరపకాయలు తెచ్చింది. ఈ ఏడు పచ్చడి పెట్టొచ్చా లేదా అని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. తొడిమలతోనే కడిగి, పాతచీర మీద ఆరబెట్టింది. సాయంత్రం పెరటి వసారాలో రోటి ముందు కూర్చుని దంచడం మొదలుపెట్టింది. సుభద్ర పక్కన కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. సగంలో కరెంటు పోయింది.

సుభద్ర లోపల వెతికి, బీరువాలోంచి ఆ కొవ్వొత్తి తెచ్చింది.

"ఇది తప్ప ఇంకేం లేవన్నయ్యా. వెలిగించనా?"

"వెలిగించు."

వెలిగించి, చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. ముందుగదిలో గోడ మీద రాజ్యం ఫొటో ఉంది, దాని కింద చిన్న బల్ల ఉంది. ఇటు రోలు ఉంది.

"ఎక్కడ పెట్టను?"

"రోటి దగ్గర పెట్టు," అన్నాను. "పిన్నికి చెయ్యి కనపడొద్దూ?"

రోటి పక్కన గట్టు మీద మైనం బొట్టు వేసి నిలబెట్టింది. పిన్ని ముక్కు ఎగబీల్చి, "తేనె వాసనొస్తోందేంటే?" అంది. మళ్లీ రోకలి ఎత్తి గట్టిగా ఒక పోటు వేసింది. ఘాటు గుప్పున లేచింది. సుభద్ర తుమ్మింది. దాని వెనకే నేనూ తుమ్మాను, ఆగకుండా, కళ్లవెంట నీళ్లు కారేలా.

"చిరంజీవ, చిరంజీవ," అంది పిన్ని, దంచడం ఆపకుండానే.